ఫ్యాను తిరుగకున్న దోషమెచ్చట?

పంచాయతీ సమావేశమునకు వాహనపు మరమ్మతు బిల్లు వచ్చినపుడు సభ్యులు సాధారణముగా మొత్తమును చూచి, వెనుకటి బిల్లుతో పోల్చి, ఆమోదము తెలుపుదురు. ఏ భాగము చెడినది, అది చెడినదని ఎట్లు తెలిసినది అను ప్రశ్న అరుదుగా వచ్చును. ఆ ప్రశ్న వేయదగినదనియు, వేయుటకు ఇంజనీరింగు పట్టా అక్కరలేదనియు చూపుటకై ఒక చిన్న యంత్రభాగమును తీసికొని ఇచ్చట వివరించుచున్నాము. అది కారు ఇంజనును చల్లబరచు విద్యుత్ ఫ్యాను.

కొన్ని సంవత్సరముల క్రిందట మే నెలలో ప్రచార కార్యక్రమము మీద నేనొక గ్రామమున మకాము చేసియుంటిని. ఆ ఊరివారొకరు పంచాయతీకి ఇచ్చిన పాత కారు అత్యవసరములకు ఉపయోగపడుచుండెను. ఒకనాటి మధ్యాహ్నము ప్రసవవేదన పడుచున్న ఒక యువతిని తీసికొని ఆ కారు పట్టణపు ఆసుపత్రికి బయలుదేరినది. రోడ్డుమీద బాగుగనే నడచినది. రైల్వే గేటువద్ద పావుగంట నిలువవలసి వచ్చెను. ఇంజను ఆపక ఎండలో నిలుచుటతో వేడిమిని చూపు ముల్లు పైకి పోయి, ముందుభాగమునుండి ఆవిరి లేచినది. గేటు తీసిరి గాని కారు కదలలేదు. వెనుక వచ్చిన ఒక ఆటోవాడు దయతో ఆమెను ఎక్కించుకొని పోయెను. తల్లీ బిడ్డలు క్షేమముగ బయటపడిరి.

తరువాతి కథయే మన పాఠమునకు ముఖ్యము. మొదటి మెకానిక్కు ఫ్యాను మోటారు కాలిపోయినదని చెప్పి క్రొత్తది వేసెను. పంచాయతీ బిల్లు చెల్లించెను. రెండు వారములకు మరల ఇంజను మరిగినది. రెండవ మెకానిక్కు రిలే మార్చెను, మరియొక బిల్లు. మూడవ పర్యాయము ఒక వృద్ధ ఆటో ఎలక్ట్రీషియను చేత మీటరు పట్టుకొని వచ్చి, ఫ్యానునుండి బండి శరీరమునకు పోవు నల్లతీగ యొక్క బోల్టు క్రింద త్రుప్పు పట్టియున్నదని కనుగొనెను. ఉప్పుకాగితముతో రుద్ది బిగించెను. ఆనాటినుండి ఫ్యాను ఆగలేదు. పని కాలము పది నిమిషములు. ముందు చెల్లించిన రెండు బిల్లులును పరీక్ష లేక చేసిన ఊహలకు చెల్లించిన వెల.

ఫ్యాను ఎందులకు?

ఇంజనులో మండు ఇంధనపు శక్తిలో కొంతభాగమే చక్రములను త్రిప్పును. మిగిలినది వేడిగా మారును. ఆ వేడిలో కొంత పొగగొట్టము గుండ పోగా, కొంత ఇంజను చుట్టు ప్రవహించు శీతలద్రవము గ్రహించి ముందున్న రేడియేటరునకు చేర్చును. రేడియేటరు పలుచని రేకుల మధ్య గాలి దూరి పోవుచు ఆ వేడిని తీసికొనిపోవును. కారు వేగముగ పోవుచున్నంతసేపు ఎదురుగాలి చాలును. ఫ్యానుతో పని లేదు. కారు నిలిచినపుడు, సంతలో మెల్లగ కదలునపుడు, గేటువద్ద ఆగినపుడు మాత్రమే ఫ్యాను లేనిదే గడవదు. కనుకనే ఫ్యాను చెడిన సంగతి తారురోడ్డు మీద తెలియదు; ఆగినచోటనే తెలియును. ఈ ఒక్క లక్షణమును డ్రైవరును అడిగి తెలిసికొనినచో సగము రోగనిర్ణయము జరిగినట్లే. నిలిచినపుడు మరిగి, కదలినపుడు చల్లబడినచో ఫ్యాను వైపు చూడవలెను. పరుగులో కూడ మరుగుచున్నచో ద్రవము తగ్గుట, నీటి పంపు, థర్మోస్టాటు, మూసికొనిపోయిన రేడియేటరు వంటి వేరు కారణములను వెదకవలెను.

పాత అంబాసిడరు కారులో ఫ్యాను ఇంజనుతో కూడ బెల్టు మీద తిరుగుచుండెడిది. అందు విద్యుత్తు ప్రసక్తి లేదు. బెల్టు తెగినదా లేదా అని కంటితో చూచిన చాలును. నేటికిని మన ట్రాక్టర్లలో సాధారణముగా ఇదే పద్ధతి. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతి నాటినుండి పంచాయతీలకు సమకూరిన ట్రాక్టర్ల విషయమున సభ్యులు ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. 1983లో వచ్చిన మారుతి 800 వంటి కార్లలో ఇంజను అడ్డముగ అమర్చబడినది. దాని బెల్టు ఇరుసు ప్రక్కకు తిరిగియుండుటచే ముందున్న రేడియేటరు ఫ్యానును త్రిప్పుటకు వీలుపడదు. కావున ఫ్యానునకు ప్రత్యేకముగ 12 వోల్టుల మోటారు పెట్టిరి. అవసరమైనపుడే తిరుగుటచే ఇంధనము కూడ ఆదా అగును. లాభముతోపాటు తీగలు, ఫ్యూజులు, రిలేలు అను క్రొత్త సంసారము కూడ వచ్చినది.

కాలువ, తూము, లష్కరు

ఆ సంసారమును మన చెరువు నీటి ఏర్పాటుతో పోల్చి చూచిన సులభముగ బోధపడును. బ్యాటరీ చెరువు వంటిది. ఫ్యాను మోటారు ఆయకట్టులోని పొలము. నడుమనున్న లావు తీగ పెద్దకాలువ. అందు 10 నుండి 20 ఆంపియర్ల వరకు విద్యుత్తు పారును. రిలే అనునది తూము తలుపు. ఆ తలుపు ఎప్పుడు తీయవలెనో చెప్పు లష్కరు వేరుగ కలడు. అతడే ఇంజను వేడిమిని కనిపెట్టు సెన్సారు. లష్కరు మాట చిన్నది, తీగ సన్నది. పాత కార్లలో అది ఒక సాధారణ స్విచ్చి. సుమారు 95 డిగ్రీల సెల్సియసు వద్ద కలిసి, వేడి కొంత తగ్గిన పిమ్మట విడిపోవును. అంకెలు బండి బండికి కొంచెము మారును. క్రొత్త కార్లలో సెన్సారు వేడిని కంప్యూటరునకు తెలుపగా, కంప్యూటరు రిలేకు ఆజ్ఞ ఇచ్చును.

నీరు పొలమునకు చేరుట ఒక్కటియే కాదు, మురుగుకాలువ గుండ బయటకు పోవుట కూడ అవసరము. విద్యుత్తు మోటారులోనికి వచ్చిన తరువాత తిరిగి బ్యాటరీకి పోవలెను. ఆ తిరుగుదారి బండి ఇనుప శరీరమే. దానిని ఎర్తు అందురు. మన మెకానిక్కులు వచ్చుదారిని చూచినంత శ్రద్ధగ పోవుదారిని చూడరు. పై కథలో జరిగినది అదియే.

కనుక పొలము ఎండినచో చెరువు ఎండినదా, కాలువ పూడినదా, తూము పడలేదా, లష్కరు రాలేదా, మురుగు నిలిచినదా అని వరుసగ చూతుము గాని, వెంటనే పొలమును మార్చము.

ముందు జాగ్రత్త

ఆవిరి కనబడగనే డ్రైవర్లు రేడియేటరు మూత త్రిప్పుట మనయూళ్లలో తరచు చూచుచున్నాము. ఇది ప్రమాదకరము. మూత బిగించియుండుటచే లోపల ఒత్తిడి ఏర్పడి, 100 డిగ్రీలు దాటినను ద్రవము మరుగక నిలిచియుండును. మూత తీసిన క్షణమున ఒత్తిడి పోయి, అదంతయు ఒక్కసారి ఆవిరియై ముఖముపై పడును. ఇంజను ఆపి, కనీసము అరగంట వదలి, మూతను గుడ్డతో పట్టుకొని మెల్లగ సడలింపవలెను. కాగిన ఇంజనులో చల్లనీరు పోయుటయు కూడదు, లోహము బీటవారవచ్చును. మార్గమధ్యమున ముల్లు పైకి పోవుచున్నచో ఎ.సి. ఆపి, హీటరును పూర్తిగ తెరువవలెను. ప్రయాణికులకు ఉక్కపోతయే గాని, ఇంజను వేడిలో కొంత ఆ దారిన బయటకు పోవును. ఏదేని నీడ చూచి ఆపుట ఉత్తమము. మరుగుచున్న ఇంజనును "ఇంకొక రెండు మైళ్లే" అని నడిపినచో హెడ్డు వంకరపోయి, గాస్కెట్టు కాలును. అప్పుడగు ఖర్చు ముందు ఫ్యాను ఖర్చు లెక్కలోనికి రాదు.

ఇంకొక సంగతి. ఇంజను ఆపినను, తాళము తీసినను కొన్ని కార్లలో ఫ్యాను తనంతట తాను తిరుగ మొదలుపెట్టును. బ్యాటరీ తీగ విప్పనిదే ఫ్యాను రెక్కల నడుమ చేయి పెట్టరాదు.

పరీక్షా క్రమము

విద్యుత్తు జోలికి పోకముందు రెండు విషయములు కంటితో చూడవలెను. శీతలద్రవము చాలినంత కలదా? రేడియేటరు రేకులలో పొట్టు, దుమ్ము, గడ్డి ఇరికియున్నవా? వరికోతల కాలమున కల్లముల ప్రక్కన తిరుగు బండ్లకు ఇది సహజము. ద్రవము అడుగంటినచో సెన్సారునకు సరియైన వేడి తెలియక ఫ్యాను తిరుగకపోవచ్చును. అది ఫ్యాను దోషము కాదు.

పిమ్మట ఇంజను చల్లగ నున్నపుడు స్టార్టు చేసి ఎ.సి. వేయవలెను. చాల కార్లలో ఎ.సి. వేయగనే రేడియేటరు ఫ్యాను కూడ తిరుగును. తిరిగినచో మోటారు, దాని ఫ్యూజు, ఎర్తు చాలవరకు మంచివే. తప్పు సెన్సారు వైపు నున్నదని గ్రహింపవలెను. ఎ.సి.కి వేరొక ఫ్యాను కలిగిన కార్లలో ఏది తిరిగినదో గమనింపవలెను. ఒక్క పైసా ఖర్చులేని ఈ పరీక్షను చేయక మోటారు మార్చినవారు ఎందరో!

ఫ్యాను తిరుగనిచో ఫ్యూజు చూడవలెను. ఫ్యూజు పెట్టె మూత లోపల ఏది దేనికో వ్రాసియుండును. ఫ్యూజు రంగును బట్టి దాని తాహతు తెలియును: ఎరుపు 10, నీలము 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. ఫ్యూజు కాలినచో దానికొక కారణముండును. మోటారు బిగిసినదో, తీగ ఒరసి శరీరమునకు తగిలినదో చూడక మరియొకటి వేసిన అదియు కాలును. కొందరు విసిగి దానికి బదులు రాగితీగ చుట్టుదురు. ఇది మిక్కిలి గర్హనీయము. ఫ్యూజు కాలవలసినచోట తీగల కట్ట కాలును. ఆ కట్ట ఇంజను నూనెకు, పెట్రోలు గొట్టములకు ప్రక్కనే ఉండును.

తరువాత రిలే. దాని అడుగున 30, 85, 86, 87 అను అంకెలు సాధారణముగ ముద్రించియుండును. 85, 86 లష్కరు ఆజ్ఞ వచ్చు కాళ్లు; 30, 87 పెద్దకాలువ కాళ్లు. చాల కార్లలో హారను రిలే కూడ అదే రకము. అంకెలు, ఆకారము సరిపోయినచో రెండింటిని తారుమారు చేసి చూడవలెను. ఫ్యాను తిరిగి హారను ఆగినచో రిలేయే దోషి. అప్పటికిని తిరుగనిచో రిలే తీసి, ఆ గుంటలో 30, 87 రంధ్రములను లావు తీగముక్కతో ఒక్క క్షణము కలుపవలెను. ఫ్యాను తిరిగినచో పెద్దకాలువ, పొలము, మురుగు అన్నియు బాగున్నవి, ఆజ్ఞ రాలేదన్నమాట. తిరుగకున్నచో మోటారు వద్దకు పోవలెను.

మోటారు ప్లగ్గు విప్పి, బ్యాటరీ నుండి ఫ్యూజుగల రెండు తీగలతో దానికి నేరుగ విద్యుత్తు ఇయ్యవలెను. తిరుగనిచో మోటారు చెడినది. అప్పుడు మాత్రమే క్రొత్తదానికి బిల్లు న్యాయము. మోటారును కర్రతో మెల్లగ తట్టగ తిరుగ మొదలుపెట్టినచో లోపలి కార్బను బ్రష్షులు అరిగినవని అర్థము. ఈ చిట్కాతో ఇల్లు చేరవచ్చును గాని, దానినే చికిత్స అనుకొనరాదు. నేరుగ ఇచ్చినపుడు తిరిగి, బండి తీగలతో తిరుగనిచో దోషము తీగలలోనో, ఎర్తులోనో ఉన్నది.

దీపము చెప్పు అబద్ధము

ఇచ్చట కొంత నిలువవలెను. మంచి పనివారు సైతము మోసపోవుచోటు ఇదియే. ప్లగ్గు వద్ద టెస్టు లాంపు పెట్టగ అది వెలుగును. "కరెంటు వచ్చుచున్నది, కనుక మోటారే పోయినది" అని తేల్చుదురు. మొదటి మెకానిక్కు చేసిన నిర్ణయము ఇట్టిదే.

లెక్క చూతము. 5 వాట్ల దీపము 12 వోల్టుల మీద సుమారు 0.4 ఆంపియరు మాత్రమే త్రాగును. దాని నిరోధము సుమారు 29 ఓములు. 15 ఆంపియర్లు త్రాగు ఫ్యానును అదే లెక్కను చూచిన 0.8 ఓము. త్రుప్పు పట్టిన కీలు 2 ఓముల అడ్డము వేసినదనుకొందము. దీపమునకు ఇంకను 11 వోల్టులకు పైగ అందును, నిక్షేపముగ వెలుగును. మోటారునకో, నాలుగు వోల్టులైనను అందవు. అది మూలుగుచు నిలుచును. పూడిపోయిన కాలువలో పిల్లకాయ దోసిటికి నీరు దొరకును గాని పొలము తడవదు. ఆ దోసెడు నీటిని చూచి కాలువ బాగున్నదనుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

కావున దీపమునకు బదులు ఒక హెడ్‌లైటు బల్బును ఉపయోగించుట మేలు. అది 55 లేక 60 వాట్లది. ఐదు ఆంపియర్లవరకు త్రాగును. కాలువ పూడినచో మసకబారి నిజము చెప్పును. మీటరున్నచో ఇంకను మంచిది. ప్లగ్గు తగిలించి, ఫ్యానునకు విద్యుత్తు ఇచ్చుచు, మీటరు ఒక కాలును మోటారు నల్లతీగ మీదను, రెండవదానిని బ్యాటరీ రుణధ్రువము మీదను ఉంచవలెను. మురుగు సాఫీగ పోవుచున్నచో అంకె సున్నకు చేరువగ నుండును. అర వోల్టు దాటినచో ఎర్తు దారిని అనుమానింపవలెను. ఆ గ్రామమున వృద్ధుని మీటరు ఆరు వోల్టులకు మించి చూపెను. ఇదే పరీక్షను ఎర్రతీగకు, బ్యాటరీ ధనధ్రువమునకు నడుమ చేసినచో వచ్చుదారి సంగతి తెలియును.

సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలికి ఇట్టి కీళ్లు త్వరగ పాడగును. షెడ్డులో ధాన్యపు బస్తాల ప్రక్కన నిలిపిన బండికి ఎలుకల బెడద. అవి సన్న తీగలను, అనగా లష్కరు తీగలనే, ముందుగ కొరుకును.

సెన్సారు విషయమున ఒక హెచ్చరిక. పాత కార్లలోని రెండు తీగల స్విచ్చి ప్లగ్గు విప్పి ఆ రెండు తీగలను కలిపిన ఫ్యాను తిరుగవలెను. క్రొత్త కార్లలో అట్లు చేయరాదు. అందలి సెన్సారు వేడెక్కినకొలది నిరోధము తగ్గునట్టిది. గదివేడిమి వద్ద రెండు వేల ఓములకు పైగ నుండి, కాగినపుడు కొన్ని వందలకు దిగుట సాధారణము. దాని ప్లగ్గు విప్పినంతనే కంప్యూటరు ప్రమాదమును శంకించి చాల బండ్లలో ఫ్యానును తానే తిప్పును. అట్లు తిరిగినచో ఫ్యాను, రిలే మంచివి. సెన్సారును మార్చి చూడవచ్చును. 2020 ఏప్రిలు 1 నుండి అమలుకు వచ్చిన బి.ఎస్.-6 కార్లకు స్కానరు తగిలించిన సంకేతసంఖ్యలు కూడ వచ్చును. పి0480 అని వచ్చినచో ఫ్యానును ఆజ్ఞాపించు విద్యుత్ మార్గమున లోపము కలదని అర్థమే గాని, మోటారు చెడినదని కాదు. యంత్రము ఊరిపేరు చెప్పినది. ఇంటిపేరు మనమే కనుగొనవలెను. కొన్ని క్రొత్త కార్లలో రిలేకు బదులు ఫ్యాను వేగమును మార్చు ఎలక్ట్రానిక్ పెట్టె యుండును. అట్టివానిలో పై తీగముక్క ప్రయోగము చేయక కంపెనీ పనివారికి చూపుట క్షేమము.

రెండు వింతలు చెప్పవలసియున్నవి. ఫ్యాను ఎన్నటికి ఆగకున్నచో రిలే లోపలి మొనలు అతుకుకొనిపోయి యుండవచ్చును. రాత్రి గడచుసరికి బ్యాటరీ ఖాళీయగును. రెండవది, మరమ్మతు తరువాత ఫ్యాను తిరుగుచున్నను ఇంజను మరుగుట. తీగలు తారుమారుగ కలిపినచో మోటారు వ్యతిరేకముగ తిరిగి, గాలిని లోనికి పీల్చక ముందుకు నెట్టును. రేడియేటరు ముందు ఒక కాగితము పట్టి చూడుడు. అది రేడియేటరునకు అంటుకొనవలెను. ఎగిరిపడినచో తీగలు మార్చవలెను.

బిల్లు వచ్చినపుడు

సభ్యులు ఈ పరీక్షలన్నియు స్వయముగ చేయవలెనని మా ఉద్దేశము కాదు. బిల్లుతోపాటు ఒక చిన్న కాగితము అడుగవచ్చును: బండి నిలిచినపుడు మరిగినదా, పరుగులోనా? ఎ.సి. వేయగ ఫ్యాను తిరిగినదా? మోటారునకు నేరుగ విద్యుత్తు ఇచ్చి చూచిరా? ఎర్తు వద్ద ఎన్ని వోల్టులు? నిజముగ పరీక్షించిన పనివాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకొనడు. తన పనిని తెలిసినవారు అడుగుచున్నారని సంతోషించును. తీసివేసిన పాత భాగమును తప్పక తిరిగి తీసికొనవలెను. వాహనపు రిజిస్టరులో తేదీ, కిలోమీటర్లు, మార్చిన భాగముతో పాటు కనుగొన్న కారణమును కూడ వ్రాయించినచో, రెండవ మెకానిక్కు మొదటివాని ఊహనే మరల చేయడు. మే నెల రాకముందు, మార్చిలోనే ఒకసారి బండిని నిలిపి ఇంజను నడిపించి, ఫ్యాను తనంతట తిరిగి మరల ఆగువరకు వేచి చూచుట డ్రైవరు విధిగ పెట్టవలెను. ఆ పనికి ఇంచుమించు పావుగంట పట్టును.

నేను చెప్పిన ఆ గ్రామమున, మొదటి మెకానిక్కు కాలిపోయినదని తీసివేసిన మోటారును సర్పంచి పదిలపరచియుండెను. వృద్ధ ఎలక్ట్రీషియను దానిని పంచాయతీ కార్యాలయపు అరుగు మీద పెట్టి, బ్యాటరీ తీగలు తగిలింపగ అది గిర్రున తిరిగెను. దానిని నేటికిని విడిభాగముగ ఉంచుకొనియున్నారు.